ఎర్ర చీటీ చీరలు

పెళ్లిళ్ల రోజుల్లో పొద్దున్నే బట్టల కొట్టుకు వచ్చే మనిషి కొనడానికి వస్తాడు, ఎండెక్కాక వచ్చే మనిషి నీడకు వస్తాడు. నరసరావుపేట స్టేషన్ రోడ్డులో కొట్టు పెట్టిన నాటి నుంచి అబ్దుల్ గఫార్ లెక్క ఇది. అందుకే ఆ గురువారం పొద్దున్నే కొండమ్మ తన అన్నను వెంటబెట్టుకుని మెట్లెక్కుతుంటే ఆయన ముఖం విప్పారింది. సోమవారమే ఆమె కూతురికి పెళ్లిచీర కొనుక్కుని గురజాల బస్సెక్కింది. మళ్లీ వచ్చిందంటే పెట్టుపోతల చీరలకే అనుకుని సోడాలు చెప్పబోయాడు.

కొండమ్మ చెప్పులు కూడా విడవకుండా తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీదికి ఎక్కి, చంకలోని మూట విప్పి దులిపింది. ఆకుపచ్చ పట్టుచీర బారుగా పరుచుకుంది. నడిమధ్యన జానెడు పొడవున బ్లేడు కోత.

"ఆదివారం పెళ్లి సాయిబూ," అంది ఆమె. "ఇది కట్టుకుని నా బిడ్డ పీటల మీద కూచోవాలా?"

గఫార్ చీర మీదికి వంగాడు. పైట చెంగు మూలన పెట్టిన పసుపు ఎండి రాలుతోంది. దానికి గజం దూరంలో లేతగా ఒక పసుపు మరక, చీర రెండో కొసన అలాంటిదే మరొకటి. ఆయన కళ్లు వాటి మీద నిలవలేదు. కోత మీదే నిలిచాయి. పక్షం రోజుల్లో కోతతో వెనక్కి వచ్చిన చీరల్లో ఇది మూడోది. మూడింటినీ అమ్మింది ఒక్కడే, కొట్లో కుర్రాడు మన్సూర్.

ఎవరు ఏది అమ్మారో గఫార్‌కు నోటిలెక్కగా తెలియడానికి ఒక కారణం ఉంది. పందొమ్మిది వందల ఎనభై ఆరు ఉగాదికి ముందు ఆయన మద్రాసు సరుకుకు వెళ్లి, అక్కడి పెద్ద కొట్లలో అమ్మేవాళ్ల పనిని ఎలా కొలుస్తారో చూసి వచ్చాడు. రాగానే గోడకు నల్లబోర్డు కొట్టించాడు. మన్సూర్‌కు ఎర్ర చీటీలు, పాతకాపు ఎల్లయ్యకు పచ్చ చీటీలు. అమ్మిన చీరకు ఎవరి చీటీ వాళ్లు గుచ్చి పంపాలి. బావమరిది ఇక్బాల్ వెనక గదిలో చీరను అట్టపెట్టెలో పెట్టి, పురికొస కట్టి, చీటీ తీసి దాచి, సాయంత్రం ఎవరివి ఎన్నో లెక్కేసి బోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. వెనక్కి వచ్చిన ప్రతి చీరకూ రెండు చీరల అమ్మకం కొట్టివేత. పెళ్లిళ్లు అయ్యేసరికి బోర్డు మీద ఎవరిది పైచేయో వాళ్లకు గురజాలలో తెరవబోయే కొత్త కొట్టు అప్పగింత.

అమ్మకాలు పెరిగాయి. దాంతోపాటు గఫార్ కడుపులో మంట కూడా పెరిగింది. వయసులో ఉన్నప్పుడు గుంటూరులో తనంత అమ్మినవాడు లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని బోర్డు మొదటి నెలలోనే చెరిపేసింది. తను పండగ రోజున అమ్మినంత మన్సూర్ మామూలు రోజున అమ్ముతున్నాడు. పైగా మాచర్ల నుంచి వచ్చినవాళ్లు సైతం గుమ్మంలోనే ఆగి, "మన్సూర్ లేడా?" అని అడిగి, లేకపోతే టీ తాగి వస్తామని వెళ్లిపోతున్నారు. కొట్టు తనది, పెట్టుబడి తనది. పేరు మాత్రం వాడిది. ఈ లెక్క ఎటునుంచి కూడినా గఫార్‌కు కుదరలేదు.

అందుకే ఆ పొద్దున, "చీర మొత్తం విప్పి చూపించా భాయ్. ఈ అమ్మే రెండు వైపులా చూసింది," అని మన్సూర్ అన్నప్పుడు ఆయన చెవికి అది ఎక్కలేదు. చూసినమాట నిజమేనని కొండమ్మ ఒప్పుకుంది. పక్కనుంచి ఎల్లయ్య మాత్రం మాటలతో అమ్మేవాడు మచ్చల్ని కూడా మాటలతోనే కప్పుతాడని గొణిగాడు. ఆ గొణుగుడు మాత్రం గఫార్‌కు బాగా వినిపించింది.

"తేలిందాకా ఇంటికాడ ఉండు," అన్నాడు మన్సూర్‌తో, కొట్లో ఉన్నవాళ్లంతా వినేట్టు.

మన్సూర్ లేచి చెప్పులేసుకున్నాడు. చిలకలూరిపేట కొట్లవాళ్లు వాడి కోసం కబురు మీద కబురు పెడుతున్నారని బజారుకంతా తెలుసు. కానీ ఈ మచ్చతో వెళితే అక్కడా పరుపు మీద చోటు దొరకదు. అది వాడికీ తెలుసు. చిత్రంగా, వాడు మెట్లు దిగుతుంటే గఫార్‌కు ఎండలో కుండనీళ్లు తాగినంత హాయి అనిపించింది. మరుక్షణమే ఆ హాయికి భయపడ్డాడు. తనకు హాయినిచ్చిన తీర్పు తప్పయితే? నష్టం చీరతో పోదు.

పోలీసుల దగ్గరికి వెళితే సాయంత్రానికి ఊరంతా గుప్పుమంటుంది. కొండమ్మకు సోడా ఇప్పించి, కాస్త కూర్చోమని బతిమాలి, ఆయన నేరుగా ఆరోగ్యస్వామి దగ్గరికి నడిచాడు.

ఆరోగ్యస్వామిది ఫిరంగిపురం. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరై, సైకిల్ షాపు మీది గదిలో ప్రైవేటు డిటెక్టివ్ అని పేరుబల్ల కట్టుకున్నాడు. కాలిన మిల్లులు, మాయమైన మిర్చి బస్తాలు ఆయన దగ్గరికి వచ్చే కేసులు. ఒకప్పుడు ఆయన గుమ్మంలో కనబడితే గఫార్ మీటరు కడ్డీ దాచుకునేవాడు. ఇప్పుడు తనే మెట్లెక్కి వెళ్లి, ఊపిరి పీల్చుకోకుండా మొత్తం చెప్పాడు. బస్సు కండక్టరు ఉద్యోగం మానేసి ఆయనకు అసిస్టెంటుగా చేరిన అంతోని అంతా విని, ఎల్లయ్యే చేసి ఉంటాడని అక్కడికక్కడే తేల్చేశాడు.

"మా సారుకి నేను చెప్పేది ఎప్పుడూ ఉపయోగమే సాయిబు గారూ," అన్నాడు అంతోని గర్వంగా. "నేను ఎవరి పేరు చెబితే వాళ్లని ముందు పక్కన పెట్టేస్తారు."

కొట్టుకు రాగానే ఆరోగ్యస్వామి కోత వైపు ఒకసారి చూసి వదిలేశాడు. పసుపు మరకల దగ్గర మాత్రం మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత కొండమ్మను పిలిచాడు.

"ఈ పసుపు ఎవరు పెట్టారమ్మా?"

"ఇక్కడే పెట్టించా. పెళ్లిచీర ఉత్తచేతుల్లో పట్టుకుపోకూడదని ఆ మన్సూర్ గిన్నెలో తడిపి మూలన పెట్టి, మడతేసి లోపలికి పంపాడు."

హిందువుల పెళ్లిచీరలకు మర్యాదగా ఉంటుందని తను పరుపు దగ్గర పసుపు గిన్నె పెట్టించానని గఫార్ మధ్యలో చెప్పాడు. అది తెలివైన వ్యాపారమేనని ఆరోగ్యస్వామి మెచ్చుకున్నాడు.

"దారిలో ఏమన్నా విప్పారా?"

"బస్సులో నిలబడ్డానికే చోటు లేదయ్యా, చీరేడ విప్పేది? పురికొస కట్టింది కట్టినట్టే ఉంది. మర్నాడు పొద్దున నేనే విప్పా. అప్పటికి పసుపు పొడిపొడిగా రాలతా ఉంది."

ఆమె వెళుతూ వెళుతూ గఫార్‌కు గట్టిగానే చెప్పింది. తను మళ్లీ బస్సెక్కేది లేదు. శనివారంలోగా మంచి చీర తన గుమ్మంలోకి రావాలి. రాకపోతే పందిట్లోకి వచ్చే ప్రతి చుట్టానికీ ఈ కొట్టు పేరు చెబుతుంది. ఆ పిల్లగాడి చేతిది మాత్రం వద్దు.

తర్వాత ఎల్లయ్య వంతు. జేబులో బ్లేడు ఎందుకని అడిగితే దారప్పోగులు కత్తిరించడానికని తీసి చూపించాడు. మన్సూర్ మీద కోపం ఉందా అంటే దాచలేదు.

"ఉండదా అండీ? నేను ఈ పరుపు మీద కూచున్ననాటికి వాడు లాగులేసుకుని తిరగతన్నాడు. ఇయ్యాల బోర్డు మీద నా నెత్తినెక్కాడు. కుళ్లుగానే ఉంది."

"అయితే గురజాల కొట్టు నీకు కావాలిగా?"

"నాకెందుకండీ? మోకాళ్లు నొప్పులు, రెండెకరాల మాగాణి ఇక్కడ. పైకొచ్చినా నేను పోనని ఇక్బాల్‌తో ఎప్పుడో చెప్పా. బోర్డు మీద వాడు నాకన్నా కింద ఉంటే చాలు, నాకు అన్నం సయిస్తది."

ఇక్బాల్‌ను అడిగితే వినయంగా చెప్పాడు. తన పని పెట్టెలో పెట్టడం, కట్టడం, చీటీలు లెక్కేయడం. చీరను విప్పే పనే తనకు ఉండదు. మడతతో వస్తుంది, మడతతో పోతుంది. మన్సూర్ అలాంటివాడని తను ఎప్పుడూ అనుకోలేదని, మనుషుల్ని నమ్మలేమని కూడా అన్నాడు. బావమరిది మంచితనానికి గఫార్ తల ఊపాడు.

ఆరోగ్యస్వామి బోర్డు ముందు నిలబడి అడిగాడు. "గఫార్ గారూ, ఈ కొట్లో పనిచేసేవాళ్లందరి పేర్లూ దీని మీద ఉన్నాయా?"

"అమ్మేవాళ్లవి ఉన్నాయండీ."

ఆరోగ్యస్వామి బోర్డు వదిలి చెప్పులేసుకున్నాడు. రేపు శుక్రవారం, నమాజు అయ్యాక అందరూ ఇక్కడే ఉండాలని, మన్సూర్‌ను అంతోని తీసుకొస్తాడని, గఫార్ భార్య హజ్రా బీ కూడా వస్తే మంచిదని చెప్పి దిగిపోయాడు. ఆడమనిషి ఎందుకో గఫార్‌కు అర్థం కాలేదు. అడిగితే ఫీజు పెరుగుతుందేమోనని ఊరుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం తలుపులు ఓరగా వేసిన కొట్లో అందరూ పరుపు చుట్టూ చేరారు. హజ్రా బీ తమ్ముడి పక్కన కుర్చీలో కూర్చుంది. మన్సూర్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. వాడి ముఖం ఒక్కరోజులోనే పీక్కుపోయింది. వాడి వైపు చూడాల్సి వస్తుందని గఫార్ ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆరోగ్యస్వామి నాలుగు చవక చీరలు తెప్పించి, పసుపు గిన్నెలో నీళ్లు పోయించాడు. ప్రతి చీర చెంగు మూలకూ తనే తడిపసుపు పెట్టాడు.

"తలా ఒకటి మడతెయ్యండి. పందెం ఏమీ లేదు, మీకు అలవాటైనట్టే."

ఎల్లయ్య కూర్చుని మోచేతి కొలతన చీరను మీదికి మీదికి తిప్పుకుంటూ మడతేశాడు. మన్సూర్ కూడా అంతే. గఫార్ చాలా రోజుల తర్వాత చీర ముట్టుకున్నాడు. తన మడతే అందరికంటే పొందిగ్గా వచ్చిందని, అది బోర్డుకెక్కే లెక్క కాకపోయిందని మనసులో అనుకున్నాడు. ఇక్బాల్ మాత్రం తనకు మడతలు రావని తప్పించుకోబోయాడు.

"రాకపోయినా పర్లేదు," అన్నాడు ఆరోగ్యస్వామి. "ఇంట్లో దుప్పటి మడవవా? అట్టాగే కానీ."

ఇక్బాల్ బల్ల దగ్గర నిలబడి, చీర రెండు కొసలూ కలిపి పట్టుకుని, సగానికి సగం మడిచాడు. కాసేపాగి అంతోని నాలుగింటినీ విప్పి వరసగా పరిచాడు. మూడు చీరల మీద తడిపసుపు అచ్చు చెంగు మూలకు గజం దూరంలో పడింది. ఇక్బాల్ చీరకు మాత్రం రెండో కొసన పడింది. పక్కనే కొండమ్మ ఆకుపచ్చ చీర పరిచారు. దాని మీద రెండు మరకలూ ఉన్నాయి.

"పరుపు మీద కూచుని అమ్మేవాడు రెండు కొసలూ ఎప్పుడూ కలపడు," అన్నాడు ఆరోగ్యస్వామి. "కూచున్న మనిషికి అన్ని గజాలు అందవు. గజం దూరంలో ఉన్న మరక మన్సూర్ మడతది. కొసన ఉన్నది ఇంకొకరిది. ఆ రెండో మనిషి చీర విప్పి, కొసలు కలిపి మళ్లీ మడిచాడు. అదీ పసుపు ఇంకా తడిగా ఉండగానే. కొండమ్మ ఇల్లు చేరి విప్పేసరికి పసుపు పొడిపొడిగా రాలింది. అంటే రెండో మడత ఈ కొట్లోనే పడింది. మన్సూర్ చెయ్యి వదిలాక, పురికొస కట్టకముందు."

అంతోని నోరు తెరిచి తన సారు వైపే చూస్తున్నాడు. ఎల్లయ్య మెల్లగా ఇక్బాల్ వైపు తిరిగాడు.

"పై మడతలో కోస్తే కొన్నవాళ్లు ఇక్కడే పట్టుకుంటారు. అందుకని వెనక గదిలో విప్పి, నడుమ కోసి, కోత లోపలికి పోయేట్టు మడవాల్సి వచ్చింది. ముందు రెండూ పెళ్లిచీరలు కావు. వాటికి పసుపు లేదు, జాడా లేదు. మూడోదానికి ఉంది. వెనక గదిలో పనిచేసే మనిషికి పెళ్లిచీర పసుపు సంగతి తట్టలేదు."

"వాడికేం లాభం?" అన్నాడు గఫార్. "బోర్డు మీద వాడి పేరే లేదుగా."

"లేకపోబట్టేనండీ. మన్సూర్ కింద పడితే ఎల్లయ్య పైకొస్తాడు. ఎల్లయ్య గురజాల పోడు. ఆ సంగతి ఎవరికి తెలుసు? ఒక్క ఇక్బాల్‌కే. ఇద్దరూ కాకపోతే మీరు కొట్టు ఇంకెవరికిస్తారు?"

ఇక్బాల్ కాదనలేదు. అక్క వైపు చూడకుండా గఫార్ వైపే చూశాడు.

"ప్రతి సాయంత్రమూ నా చేత్తోనే రాయించావు బావా. వాడు ఇన్ని, వీడు ఇన్ని. ఎండలో మూటలు దించింది నేను. అట్టపెట్టెల దుమ్ములో దగ్గింది నేను. నన్ను ఒక్కరోజు పరుపు మీద కూచోనిచ్చావా? నీ చెల్లెలి మొగుడైతే కూచోబెట్టేవాడివి. మన్సూర్ ఎర్ర చీటీలు తీసి పెట్టేటప్పుడల్లా నా వేళ్లకు కారం పూసినట్టుండేది."

ఆ మంట ఎలా ఉంటుందో కొట్లో అందరికంటే గఫార్‌కే బాగా తెలుసు. అందుకే వెంటనే తిట్టడానికి నోరు రాలేదు. హజ్రా బీ లేచి నిలబడింది.

"నా తమ్ముడని లెక్క తగ్గించొద్దు," అంది మొగుడితో. "ఆ మూడు చీరలూ వాడి జీతంలో పోనీ. వెళ్లగొడితే ఇంకో కొట్లో ఇదే పని చేస్తాడు. ఎల్లయ్యన్న కింద కూచోబెట్టి పని నేర్పించు. నేర్చుకోకపోతే అప్పుడు నేనే బస్సెక్కిస్తా."

ఎల్లయ్య గొంతు సవరించుకుని, తను మన్సూర్ గురించి గొణిగింది కూడా లెక్కలోంచి కొట్టెయ్యమన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇక మిగిలింది మన్సూర్. వాడు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. గఫార్ లేచి వెళ్లి, గురజాల కొట్టు వాడిదేనని, రేపటినుంచి వచ్చేయమని గబగబా చెప్పాడు. సరుకు బేరంలో ధర మీద ధర పెంచినట్టు జీతం కూడా పెంచుతానన్నాడు.

"ఇక్బాల్ చీరలు కోశాడు భాయ్," అన్నాడు మన్సూర్. "తప్పు నాదేనని మీరు ఎవరూ చెప్పకుండానే నమ్మారు. కొండమ్మ ముందర నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఆమె ముందరే చెప్పండి. గురజాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

ఆ రాత్రి గఫార్ పడుకుని లెక్క వేశాడు. పెళ్లిపందిట్లో నలుగురి ముందూ సొంత బావమరిదే కోశాడని చెబితే పోయేది ఇంటి పరువు. చెప్పకపోతే పోయేది మన్సూర్. వాడు పోతే మాచర్ల, గురజాల బేరమంతా వాడి వెంటే పోతుంది. పరువు ఒకసారే పోతుంది, బేరం రోజూ పోతుంది. ఇంతదాకా లెక్క తేలిగ్గానే తేలింది. వాడు మెట్లు దిగుతుంటే తనకు కలిగిన హాయిని ఏ పద్దులో వేయాలో మాత్రం తెల్లారేదాకా తేలలేదు.

శనివారం పొద్దున ఆయన కొట్లోకెల్లా మంచి చీర తీసి, మన్సూర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని గురజాల బస్సెక్కాడు. అక్కడినుంచి ఎద్దుల బండి. కొండమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి వేస్తున్నారు. ఆడవాళ్లంతా అరుగుల మీద కూర్చుని మంగళస్నానానికి పసుపు కొడుతున్నారు. మన్సూర్‌ను చూడగానే కొండమ్మ చేతిలో రోకలి ఆగిపోయింది.

"వీడి చేతిది వద్దని చెప్పా సాయిబూ."

"విను కొండమ్మా. మీరంతా కూడా వినండి," అన్నాడు గఫార్. "చీర కోసింది వీడు కాదు. కోసింది మా ఇంట్లోవాడు, నా భార్య తమ్ముడు. వీడి మీద కుళ్లుతో కోశాడు. నేనూ అదే కుళ్లుతో ఏమీ కనుక్కోకుండా వీణ్ని నీ ముందర ఇంటికి పంపా. తప్పు నా కొట్టుది, నాది."

పందిరి గుంజలు పాతేవాళ్లు కూడా పని ఆపారు. కొండమ్మ అన్న మెట్ల మీదినుంచి అడిగాడు. "మీ ఇంటోడేనా?"

"మా ఇంటోడే."

కొండమ్మ రోకలి గోడకు ఆనించింది. తర్వాత చెయ్యి కడుక్కుని చాప వాల్చింది.

"ఏంది అబ్బాయ్, పెళ్లికొడుకులా అట్టా నిలబడ్డావు? చీర విప్పు, చూద్దాం."

మన్సూర్ చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు. మెరూన్ రంగు పట్టుచీర వాడి మోచేతుల మీదినుంచి నీళ్లు జారినట్టు జారింది. అరుగుల మీదివాళ్లు ఒక్కొక్కరే దిగి చుట్టూ చేరారు. ఒకామె అంచు పట్టుకుంది, ఇంకొకామె తన కోడలికి ఏ రంగు నప్పుతుందో అడిగింది. వాడు ఆమె కోడలిని ఒకసారి చూసి, మామిడిపండు రంగు అన్నాడు. అందరూ నవ్వారు. పెళ్లికూతురు తల్లి భుజం మీదినుంచి తొంగి చూసి సిగ్గుపడింది.

"గురజాలలో కొట్టు పెడతన్నారంటగా," అంది కొండమ్మ. "నువ్వేనా ఉండేది?"

మన్సూర్ గఫార్ వైపు చూశాడు.

"వాడే," అన్నాడు గఫార్. "జీతగాడిగా కాదు. కొట్టు వాడిది, అందులో వాటా నాది."

రాత్రి వేసిన లెక్కలో ఈ వాటా లేదు. ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియలేదు. మన్సూర్ తల వంచుకుని చీర అంచు సర్దుతూ ఉండిపోయాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆడవాళ్లు కొట్టు ఎప్పుడు తెరుస్తారని, ఎక్కడ పెడతారని వాణ్నే అడుగుతున్నారు. ఇన్నేళ్లుగా పల్నాడంతటికీ పట్టుచీరలమ్మిన గఫార్ వైపు ఒక్కరూ తిరగలేదు. ఆయన కాస్త ముందుకు జరిగి, జరీ గురించి ఒక మంచి మాట చెప్పబోయాడు.

"కొంచెం అవతలికి జరుగు నాయనా," అంది ఒక ముసలమ్మ తల ఎత్తకుండానే. "చీర మీద వెలుతురు పడటంలా."

గఫార్ పక్కకు జరిగాడు.